చార ఉంటే ఆడదేనా?

పేరు వింటే పురుగనుకుంటాం. చూస్తే పామనుకుంటాం. నిజానికది బల్లి! ఇంగ్లండ్ పల్లెల్లో, పట్టణాల్లోని పెరటి తోటల్లో కనిపించే ఈ కాళ్లులేని బల్లి పేరు స్లో వర్మ్. పాముకు కనురెప్పలుండవు. ఇదేమో చక్కగా కళ్లు మూసి తెరుస్తుంది. చేతిలోని కర్ర పక్కన పెట్టడానికి ఆ ఒక్క గుర్తు చాలు. అసలు తికమక ఆ తర్వాతే... కనిపించింది ఆడదా, మగదా?

పట్టుకుని చూద్దామంటే కుదరదు. భయపడితే టపుక్కున తోక వదిలేస్తుంది. మళ్లీ పెరిగినా అది మొండి తోకే. దీని శాస్త్రీయ నామంలోని 'ఫ్రాజిలిస్' అంటే అర్థం కూడా ఇట్టే విరిగిపోయేదనే. కాబట్టి కంటితోనే తేల్చుకోవాలి.

మగదాని ఒళ్లంతా దాదాపు ఒకే రంగు... బూడిద, గోధుమ లేదా రాగి. తల కాస్త పెద్దగా, వెడల్పుగా ఉంటుంది. కొన్నింటి వీపు మీద నీలి చుక్కలూ మెరుస్తాయి. ఆడదాని తల సన్నం. వీపు లేత గోధుమ లేదా బంగారు రంగులో, పక్కలు ముదురుగా ఉంటాయి. చాలావాటికి వెన్ను వెంబడి సన్నని నల్లచార కనిపిస్తుంది.

అయితే చార కనిపించగానే ఆడదని తీర్పు చెప్పేస్తే తప్పులో కాలేసినట్టే! పిల్లలన్నీ బంగారు, వెండి రంగుల్లో చారతోనే పుడతాయి, మగవి కూడా. ఎదిగే కొద్దీ మగవాటికి ఆ చార మాసిపోతుంది. అందుకే చిన్నదాన్ని చూసినప్పుడు 'పిల్ల' అని రాసుకుని ఊరుకోవడమే మేలు. పెద్దదైతే రంగు, పక్కలు, తల... మూడూ కలిపి చూడాలి.

కాలమూ సాయపడుతుంది. మే, జూన్ నెలల్లో ఒకటి ఇంకోదాని మెడను నోట కరచి పట్టుకుంటే, అది జత కట్టడం కావచ్చు. పట్టింది మగది. రెండూ చారల్లేని వెడల్పు తలలవైతే మాత్రం అది మగవాటి కుస్తీ! ఎండాకాలం చివర్లో లావుపాటి ఆడది ఎండ కాగుతుంటే బహుశా కడుపుతో ఉన్నట్టే. ఇది గుడ్లు పెట్టి వదిలేయదు, పిల్లల్నే కంటుంది... సాధారణంగా ఆరు నుంచి పన్నెండు దాకా.

ఇదంతా తెలుసుకుని ఏం లాభమంటారా? ఆ పెరట్లో కంపోస్టు కుప్పను పారతో తిరగేసే ముందు ఒక్క క్షణం ఆగితే, దక్కేది ఒక్క ప్రాణం కాదు, ఒక కుటుంబం. కోపెన్‌హేగన్ జంతుప్రదర్శనశాలలో ఒక స్లో వర్మ్ 54 ఏళ్లు బతికింది! మొక్కల్ని తినే నత్తల్లాంటి స్లగ్స్ దీనికి ఇష్టమైన తిండి. తోటమాలికి ఇంతకన్నా నేస్తం ఎవరు? బ్రిటన్‌లో దీన్ని కావాలని చంపడం, గాయపరచడం 1981 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

మన ఊళ్లలో కాళ్లున్న బల్లి జాతి జీవిని 'నలికండ్ల పాము' అంటాం. పేరులో పాము ఉన్న పాపానికి అది దెబ్బలు తింటుంది. అసలు కాళ్లే లేని 'బార్కుడియా' అనే దాని చుట్టం విశాఖ పరిసరాల్లోనూ ఉంది. అక్కడైనా ఇక్కడైనా వాటికి కావాల్సింది ఒక్కటే... కర్ర ఎత్తే ముందు నిదానంగా చూసే కళ్లు.