పెసరట్టు జెండా

ఏం వదినగారూ, మీ చిన్నాడు బైపాస్ మీద టిఫిన్ హోటల్ పెడుతున్నాడటగా! మీ అత్తగారు చెప్పారు. ఎంత సంతోషం వేసిందో! గల్ఫ్ అనీ, హైదరాబాద్ అనీ వెళ్ళిపోకుండా ఉన్న ఊళ్ళోనే పొయ్యి వెలిగిస్తానన్నాడు చూడండి, ఆ పిల్లాడు బాగుండాలి. హోటల్ ముందు జెండాలు కూడా పెట్టిస్తాడట, అదీ మంచి ఆలోచనే. బోర్డు కదలదు, జెండా కదులుతుంది. మనిషి చూపు ఎటున్నా, కంటి కొసన ఏదైనా కదిలితే తల అటు తిరుగుతుంది.

కాకపోతే ఆ జెండా మీద ఏమేం వేయిస్తున్నాడో విన్నాక మీతో చెప్పకుండా ఉండలేకపోయాను. హోటల్ పేరు, దేవుడి బొమ్మ, ఫోన్ నంబరు, ఏసీ ఉంది, పార్కింగ్ ఉంది, పార్శిల్ ఉంది... ఇన్నీ రెండడుగుల వెడల్పు గుడ్డ మీదేనా అండీ?

లెక్క చూడండి. బోర్డులు రాసేవాళ్ళకి ఒక కొలత ఉంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. వంద అడుగుల నుంచి హాయిగా చదవాలంటే పది అంగుళాల అక్షరం కావాలి. బండి గంటకి 40 కిలోమీటర్ల మీద వస్తోందనుకోండి, సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఆ వంద అడుగులూ దాటడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. అంతలోనే చదవాలి, ఆకలి గుర్తుకు రావాలి, పక్కనున్నావిడ సరే అనాలి, వెనక లారీ లేదని చూసుకుని బండి పక్కకి తియ్యాలి. ఫోన్ నంబరు ఎవరు చదువుతారు? అది బోర్డు మీద ఉంటుంది, పార్శిల్ కవరు మీద ఉంటుంది, చాలు.

జెండా మీద ఒక్క మాటే ఉండాలి వదినగారూ. అదీ హోటల్ పేరు కాదు, తినే వస్తువు పేరు. కొత్త హోటల్ పేరు దారిన పోయేవాళ్ళకి ఏం తెలుస్తుంది? ‘పెసరట్టు’ అని రాయమనండి. నాలుగే అక్షరాలు. ఒకదాని కింద ఒకటి పది అంగుళాల చొప్పున పేర్చినా నాలుగడుగుల్లో అయిపోతుంది, చుట్టూ ఖాళీ కూడా మిగులుతుంది. ఆ ఖాళీ ఉంటేనే అక్షరం కనబడేది. పసుపు మీద నలుపైతే దూరానికి బాగా ఆనుతుంది. పచ్చ మీద ఎరుపు మాత్రం వద్దని చెప్పండి, రెండూ కలిసిపోతాయి.

ఇంకో సంగతి. తెలుగు అక్షరాలు నిలువుగా పేర్చేటప్పుడు డిజైన్ చేసే పిల్లల పక్కన కూర్చోవాలి. వత్తుకి కింద చోటు వదలరు. ఒక్కోసారి ‘ట్టు’ని విడగొట్టి ‘ట్’ ఒక వరసలో, ‘టు’ ఇంకో వరసలో పెట్టేస్తారు. అలా విరిగిన మాటల్ని రోడ్డు మీద చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ప్రింటయ్యాక దిద్దలేం కదా.

జపాన్‌లో మన ఐస్ గోలా లాంటిది అమ్మే కొట్ల ముందు వేసవిలో ఒక జెండా కడతారు. తెల్ల గుడ్డ, అడుగున నీలం అలలు, మధ్యలో ఎర్రగా ఒకే ఒక్క పెద్ద అక్షరం. ఐస్ అని. ఇంకేం ఉండదు. ఎండలో నడిచేవాడికి అంతకన్నా ఏం చెప్పాలి? అక్కడ కొట్ల ముందు పెట్టే నిలువు జెండాల్ని నోబోరి అంటారు, మామూలుగా 60 సెంటీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు. మన ప్రింటింగ్ షాపుల్లో ఫెదర్ ఫ్లాగ్ అని చూపిస్తారే, పక్షి ఈకలా పైన వంగి ఉండేది, నన్నడిగితే మీవాడికి అదే మేలు. వంగిన ఫైబర్ కర్ర గుడ్డని పైనుంచి సాగదీసి పట్టుకుంటుంది, గాలి లేని మధ్యాహ్నం కూడా మాట కనబడుతుంది. అడుగున తిరిగే స్టాండు ఉండాలి, గాలి ఎటు కొడితే జెండా అటు తిరిగితే కర్ర విరగదు. ఒక పొర గుడ్డైతే వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. రెండు వైపులా చదవాలంటే రెండు పొరలు కుట్టి, మధ్యలో వెలుతురు ఆపే గుడ్డ వెయ్యాలి. ఖర్చు ఎక్కువే, పైగా బరువెక్కి చిన్న గాలికి ఊగదు. దాని బదులు రోడ్డుకి అటు వచ్చేవాళ్ళకొకటి, ఇటు వచ్చేవాళ్ళకొకటి ఒక పొరవే పెట్టుకోవడం నయం.

పలచటి ప్లాస్టిక్ జెండాల తోరణాలు మాత్రం కట్టొద్దనండి. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ జెండాలూ, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లూ నిషేధంలో ఉన్నాయి. కాలవలో పడి దాన్ని పూడ్చేసేవి అవే కదా. ఆగస్టు పదిహేనుకి మూడు రంగుల జెండా మీద హోటల్ పేరు వేయిద్దామని ఎవరైనా చెప్పినా వినొద్దు. జాతీయ జెండా మీద అక్షరాలు రాయకూడదు, వ్యాపారానికి వాడకూడదు, అది ఎగిరే కర్రకి ప్రకటన కట్టకూడదు. కర్రలు మన స్థలంలోనే పాతాలి, కరెంటు తీగల కింద వద్దు. మలుపులో అసలే వద్దు. వచ్చే బండి కనపడక ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ పాపం మనం మొయ్యలేం.

అన్నిటికన్నా ముఖ్యం, జెండా దించడం. తిరుమల బ్రహ్మోత్సవాలకి మొదట గరుడుడి బొమ్మ ఉన్న ధ్వజం ఎగరేస్తారు, దేవతలందర్నీ ఉత్సవానికి రమ్మని పిలవడానికి. ఉత్సవం ముగిశాక ధ్వజావరోహణం చేసి దించేస్తారు. పిలుపు అంటే అదీ. పెసరట్టు జెండా చూసి పిల్లల్ని బండి దింపుకుని లోపలికొస్తే, ‘పిండి అయిపోయిందండీ, పూరీ ఉంది’ అంటే వాళ్ళకెంత ఉసూరుమంటుంది? మళ్ళీ ఆ జెండాని నమ్ముతారా? పిండి రుబ్బి పెనం వేడెక్కాక జెండా పెట్టాలి, ఆఖరి అట్టు వెయ్యగానే తీసెయ్యాలి. దానివల్ల గుడ్డ కూడా నాలుగు రోజులు ఎక్కువ మన్నుతుంది, రాత్రి గాలికి అంచులు పీలికలవ్వవు. ఊరి బయట వెంచర్ల గేట్ల దగ్గర వరసగా కట్టిన జెండాలు చూడండి, ఎండకి వెలిసి, చిరిగి వేలాడుతూ ఉంటాయి. ఆ గుడ్డలు చూస్తే లోపల ఎవరైనా ఉన్నారా అనిపిస్తుంది. తినే చోట అలాంటిది ఒక్కటి కనబడినా వంటిల్లు కూడా అలాగే ఉంటుందనుకుంటారు.

అబ్బాయి ఇంకా ఆర్డరివ్వలేదన్నారుగా. మాట ఒక పాత దుప్పటి మీద రంగుతో రాసి, కర్రకి కట్టి హోటల్ ముందు నిలబెట్టమనండి. తను బండి మీద అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి వచ్చి చూసుకోమనండి. చదవగలిగితేనే డబ్బు కట్టమని మీరే గట్టిగా చెప్పండి వదినగారూ, మీ మాటైతే వింటాడు.