ఖడక్‌వాస్లాకు బయల్దేరే ముందు

మొన్న మా వీధి చివరింటి కుర్రాడికి ఎన్డీయేలో (నేషనల్ డిఫెన్స్ అకాడమీలో) చేరమని ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ మిఠాయి పట్టుకొచ్చి, "అన్నయ్యగారూ, ఇంకా నెలన్నర ఉంది. ఈలోపు వీడేం చేయాలో కాస్త చెప్పండి" అంది. వాడు పక్కనే నిలబడి, "నిన్నటి నుంచి రోజుకు పది కిలోమీటర్లు పరుగెడుతున్నా మావయ్యగారూ" అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ అకాడమీకి వెళ్ళి, సెలవులకు వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చున్న శిష్యులు చెప్పిన సంగతులు నా దగ్గర చాలా ఉన్నాయి. వాడికి చెప్పినవే మీకూ చెబుతాను. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లాడో, పిల్లో ఉండవచ్చు.

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, సింహగడ్ కోట కనుచూపు మేరలో ఉంటుంది నేషనల్ డిఫెన్స్ అకాడమీ. 1949 అక్టోబరు 6న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. మూడు దళాలకు వెళ్ళే పిల్లలూ అక్కడ మూడేళ్ళు కలిసి చదువుతారు. తర్వాత ఆర్మీ వాళ్ళు డెహ్రాడూన్‌కు, నేవీ వాళ్ళు ఎళిమలకు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు మన హైదరాబాదు పక్కనున్న దుండిగల్‌కు వెళతారు. 2022లో మొదటిసారి అమ్మాయిలు చేరారు. వారిలో 17 మంది 2025 మేలో పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు.

ముందు ఒంటి సంగతి. చేరేవాళ్ళు ఈపాటి చేయగలిగి ఉంటే మంచిదని నోటిఫికేషన్‌లోనే రాస్తారు: 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరుగు, పుషప్స్, సిటప్స్ 20 చొప్పున, చినప్స్ 8, మూడు నాలుగు మీటర్లు తాడెక్కడం. చూశారా, ఇందులో పది కిలోమీటర్ల ఊసే లేదు. అలవాటు లేని కాళ్ళతో ఒక్కసారిగా తారురోడ్డు మీద అంత దూరం పరుగెడితే మోకాలి కింది ఎముక సన్నగా బీటలు వారవచ్చు. అక్కడికి కుంటుకుంటూ చేరడం కన్నా దురదృష్టం లేదు. వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. నొప్పి వస్తే దాచుకోకుండా చెప్పాలి, అక్కడికి వెళ్ళాక కూడా. ఈత రాకపోతే ఈ నెలన్నరలోనే నేర్చుకోవాలి. ఊళ్ళో బావిలో దూకి పెరిగిన పిల్లలకు ఆ విషయంలో దిగుల్లేదు.

ఇక చదువు. పరుగులూ డ్రిల్లూ చాలా కష్టమని ఇంట్లో అందరూ హడలిపోతారు గానీ, పుస్తకాల మాట ఎవరూ ఎత్తరు. అది మామూలు శిక్షణ శిబిరం కాదు. చివర్లో చేతికొచ్చేది జేఎన్‌యూ డిగ్రీ. తెల్లవారుజామున లేచి, పీటీ చేసి, డ్రిల్లు చేసి, గబగబా తిని క్లాసులో కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతపడతాయి. చదువులోనో, ఒంటి పరీక్షల్లోనో తప్పితే ఆరునెలలు వెనక్కి వేస్తారు. రెలిగేషన్ అంటారు దాన్ని. తోటివాళ్ళు ముందుకెళ్ళిపోతుంటే జూనియర్లతో మళ్ళీ వరసలో నిలబడాలి. అందుకని ఇంటర్ లెక్కలూ ఫిజిక్సూ అటక మీద పడేయవద్దన్నాను. సాయంత్రం పరుగు నుంచి వచ్చి, స్నానం చేసి, నిద్ర ముంచుకొస్తున్నా సరే, ఒక గంట లెక్కలు చేయమన్నాను. వాడికి ఎక్కువగా కావలసింది ఈ అలవాటే.

మనవాళ్ళకు ఇంకో చిక్కు భాష. పాఠం ఇంగ్లీషులో, డ్రిల్లు ఆజ్ఞలు హిందీలో. అర్థమయ్యేలోపు పక్కవాడు తిరిగిపోతాడు, మనవాడు అలాగే నిలబడతాడు. రోజూ ఒక అరగంట హిందీ వార్తలు వినాలి. తప్పులొచ్చినా సరే, సిగ్గుపడకుండా మాట్లాడాలి.

మనసు మాటకొస్తే, మొదటి టర్ము పిల్లలందరూ చెప్పింది ఒకటే: అక్కడ సమయం మన చేతిలో ఉండదు. బూట్లు, పడక, యూనిఫాం, పుస్తకాలు, అన్నీ నిమిషాల్లో సర్దుకోవాలి. ఇంట్లో అమ్మ లేపితే లేచి, అమ్మ మడతపెట్టిన బట్టలు వేసుకున్న పిల్లాడికి ఆ మొదటి నెల నరకమే. ఒంటరిగా అన్నీ నెగ్గుకొద్దామనుకున్నవాడే అక్కడ ముందు కుంగిపోతాడట. కోర్సుమేటు బూట్లకు పాలిష్ పెట్టినవాడికి, లెక్క వచ్చినవాడు తిరిగి లెక్క చెబుతాడు. చేయి చాపి సాయం అడగడం చిన్నతనం కాదని పిల్లలకు ముందే చెప్పి పంపాలి.

ఈ పాఠాలు ఎంతదాకా తీసుకెళతాయో చూడండి. సూర్యాపేట నుంచి కోరుకొండ సైనిక్ స్కూలుకు, అక్కడి నుంచి ఎన్డీయేకు వెళ్ళిన సంతోష్ బాబు కర్నలై, 2020 జూన్ 15న లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్ లోయలో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణం ఇచ్చారు. దేశం ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది. ఆయనా ఒకనాడు ఆ అకాడమీలో మొదటి టర్ము కుర్రాడే. అలసిపోయాక కూడా చేయవలసింది చేయడం, పక్కవాణ్ణి వదలకపోవడం, ఈ రెండే మొదటి ఏడాది నేర్పే పాఠాలు. మిగతావన్నీ వీటి కోసమే.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. ఈ నెలన్నరా మీ పిల్లల బట్టలు వాళ్ళనే ఉతుక్కోనివ్వండి. వెళ్ళాక ఉత్తరాలు రాయండి. వాటిలో ఇంటి దిగుళ్ళు పెట్టకండి. వాడు అక్కడ సరిగ్గా నిలదొక్కుకోవాలంటే, ఇక్కడ మీరు ధైర్యంగా ఉన్నారని వాడికి తెలియాలి.