మా నాయిన పట్టా

పట్టా అంటే మీకు భూమి కాగితం యాదికొస్తది. అసుంటి కాగితం మా ఇంట్ల ఎన్నడూ లేదు. మాకు తెలిసిన పట్టా వేరే. బోధన్ దగ్గరి మా ఊర్ల చెరుకు గానుగను ఆయిల్ ఇంజన్ తిప్పేది. ఇంజన్ చక్రానికీ గానుగ చక్రానికీ నడుమ తిరిగే పట్టా సాగినా, తెగినా మా నాయినకు కబురొచ్చేది. ఆయన జానతో కొలిచి, సాగినంత కోసి, రెండు కొసలు కలిపి తోలు వారుతో కుట్టేవాడు. ఆ వారు తంగేడు చెక్కతో తానే పదును చేసిన తోలుది. చక్రానికంటిన నూనెను బూడిదతో రుద్ది తీసేవాడు. "బిగువుంటెనే పట్టుకుంటది బిడ్డా, వదులైతే జారుతది" అనేవాడు. గానుగ తిరిగేది. కూలి కింద బెల్లం ముద్ద దూరం నుంచే ఆయన తువ్వాలల పడేది.

1931ల నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లు కాలువలకొచ్చినయి, చెరుకు పెరిగింది. 1937ల బోధన్ కాడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. శక్కర్‌నగర్ దానితోనే పుట్టింది. ఆ చెరుకు నరికిన చేతులల్ల మావీ ఉన్నయి. 2015 డిసెంబరుల ఫ్యాక్టరీ మూతబడ్డది.

నేను రేడియో పని నేర్చుకొని నిజామాబాదుల చిన్న దుకాణం పెట్టిన. టేపురికార్డర్లు పోయినయి, సీడీలొచ్చినయి, అవీ పోయినయి. అయినా పాత మిషన్ను పారెయ్య మనసొప్పనోళ్లు ఉంటరు. శక్కర్‌నగర్ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి సీడీ ప్లేయర్ పట్టుకొచ్చిండు.

"బటన్ ఒత్తితే లోపల గుర్రుమంటది, ట్రే రాదు తమ్మీ. మోటరు కాలిందా?"

గుర్రుమంటే మోటరు బతికే ఉన్నట్టు. ఆ చిన్న మోటరు పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి ఒక రబ్బరు బెల్టు ఉంటది. పెద్ద పుల్లీ పళ్లచక్రాన్ని తిప్పితే, అది ట్రేను బయటికి తోస్తది. ఏండ్లు గడిస్తే రబ్బరు సాగుతది, నున్నగైతది, గట్టిపడుతది. ఈ మిషన్ల సీడీని అయస్కాంతం బిళ్ల అదిమి పట్టుకుంటది. ట్రే కదలాలంటే ముందుగాల ఆ పట్టు విడిపించాలె. బలమంతా అక్కడనే కావాలె. వదులు బెల్టు అక్కడనే జారుతది.

ప్లగ్గు పీకి, మూత విప్పి, పుల్లీని వేలుతో తిప్పుకుంట ట్రేను బయటికి తెచ్చిన. పాత బెల్టు తీసేసిన. సాగినదాన్ని కొలిస్తే కొలత తప్పుతది. అందుకే రెండు పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలిచి, నూటికి ఐదు నుంచి పది పాళ్లు తక్కువున్న బెల్టు ఏరుకున్న. మరీ బిగువైనా కష్టమే, మోటరు బుష్షులు అరుగుతయి. పుల్లీల గాడులను దూదితో స్పిరిట్ పెట్టి తుడిచిన. బెల్టుకు చేతి జిడ్డు గూడ తగలొద్దు. కరెంటిస్తే ట్రే మెల్లగ బయటికొచ్చింది, మెల్లగ లోపలికి పోయింది. పాట మొదలైంది.

పెద్దమనిషి మురిసిండు. మా ఊరడిగిండు, వాడ అడిగిండు. చెప్పిన. కాసేపు ఆగి అన్నడు:

"మీ నాయిన తోలుపని చేసెటోడన్నట్టు. నువ్వు మంచి పనిలకొచ్చినవ్ తమ్మీ."

"మా నాయిన గూడ బెల్టులే ఏసిండు సార్" అన్న.

ఆయన మాట్లాడలే. పైసలు బల్ల మీద పెట్టి పోయిండు.

కొలత, బిగువు, జిడ్డు తగలనియ్యకపోవుడు. ఇవి నాకు ఏ ఉస్తాదూ కొత్తగ నేర్పలే. మా ఇంటి ఎనక లంద కాడ కూసొని చూసినయే. రబ్బరు పట్టిన చేతికి మెకానిక్ అని పేరు పెట్టి కుర్చీ ఇచ్చిండ్రు. తోలు పట్టిన చేతిని గానుగ పాక బయట నిలబెట్టిండ్రు. ఆ పాకల బెల్లం ఎంత అమ్మిందో షావుకారు లెక్కలల్ల ఉంటది. దాన్ని తిప్పినోని లెక్క యాడ రాసిండ్రు? అందుకే నేను రాస్తున్న. మా నాయిన పేరు మీద ఇప్పటికి ఉన్న పట్టా ఇదొక్కటే.