భీమిలి దారిలో కయాక్ యాత్ర

అర్పా నది ఒడ్డున వెలసిన మా బిలాస్‌పూర్ నుండి విశాఖ సముద్రానికి రైలుమార్గంలో ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరం. అయినా ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఆ తీరం పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువుల కోసం తరలివచ్చిన వారి సంతతి ఇక్కడ ఎందరో ఉన్నారు. మా మిత్రబృందంలో త్వరలో పదవీ విరమణ చేయనున్న పెద్దాయన తాతగారు భీమునిపట్నం విడిచి వచ్చినవారే. ఆ ఊరిని ఒక్కసారి సముద్రం మీదుగా చేరుకోవాలన్నది ఆయన చిరకాల వాంఛ. ఆ కోరికే మా ఆరుగురినీ గత ఫిబ్రవరిలో కయాక్ యాత్రకు పురికొల్పింది.

గోల్ బజార్‌లో అటుకులు, వేయించిన శనగలు, బెల్లం కొనుక్కొని కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. రాయపూర్ నుండి విజయనగరం వరకు 1931 నాటికి పూర్తయిన మార్గం గుండా, రాయగడ కొండలు దాటుకుంటూ రైలు మమ్మల్ని విశాఖ చేర్చింది.

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతవాసుల సృష్టి. కర్ర చట్రానికి సీలు చర్మం బిగించి, దానిపై వారు వేటకు వెళ్లేవారు. నేటివి ఎక్కువగా ప్లాస్టిక్‌తో తయారవుతున్నాయి. తెడ్డుకు రెండు కొసలా పలక ఉంటుంది. మన తీరానికీ అటువంటి నేర్పు కొత్త కాదు. రేవులు లేని కాలంలో, దూరాన లంగరు వేసిన ఓడల నుండి సరకును మసూలా పడవలే ఒడ్డుకు చేర్చేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన ఆ పలకలు అలల తాకిడికి విరగక వంగేవి.

ఋషికొండ వద్ద శిక్షకుని పర్యవేక్షణలో ఒక దినమంతా సాధన చేశాము. అలకు ఎదురుగా ముక్కు నిలపడం, పెద్ద అలల వరుస దాటిన వెంటనే తెడ్డు వేయడం, బోల్తా పడితే పడవను విడువకుండా పట్టుకోవడం నేర్చుకున్నాము. మరునాటి వేకువన ఇద్దరేసి చొప్పున మూడు కయాక్‌లలో బయలుదేరాము. శిక్షకుడు వేరొక పడవలో మా వెంట వచ్చాడు. నేల నుండి వీచే చల్లని పిల్లగాలికి నీరు నూనె పోసినట్లుండెను. తొట్లకొండను ఎడమవైపు చూసుకుంటూ మంగమారిపేట చేరి ఆ రోజుకు ఆగిపోయాము. క్రీస్తు పూర్వమే అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. ఆ కొండ మీద 1988 నుండి 1992 వరకు తవ్వకాలు జరిగాయి.

రెండవనాడు ఎర్రమట్టి దిబ్బలు దాటబోతుండగా ఎండ ముదిరింది. భీమిలి కొండ కంటికి కనబడుతోంది. వలలు తీసుకొని తిరిగివస్తున్న ఒక వృద్ధ జాలరి తన తెప్పను మా దగ్గరకు తెచ్చి, "బాబూ, గాలి తిరిగిపోనాది, ఒడ్డుకెళ్లిపోండి" అన్నాడు. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేటపై అలలు విరుగుతాయనీ, గాలి ఎక్కితే అక్కడ దిగడం కష్టమనీ వివరించాడు. మాలో ఇద్దరు ఇంకాస్తే కదా అన్నారు. అప్పటికే ఒక మిత్రుని భుజాలు పట్టేశాయి. అందరి చూపూ పెద్దాయన వైపు తిరిగింది. ఆ యాత్ర ఎవరి కోసమో ఆయనే, క్షణకాలం భీమిలి వైపు చూసి, "మా తాత ఈ ఊరు విడిచింది బతకడానికే కదా. దిగుదాం పదండి" అన్నారు. శిక్షకుడూ అదే మాట చెప్పాడు. ఒకరి తరువాత ఒకరము దిబ్బల దిగువన ఒడ్డు చేరాము. అరగంట గడవకముందే సముద్రమంతా తెల్లని నురుగుతో నిండిపోయింది.

ఆ సాయంత్రం ఆటోలో భీమిలి వెళ్లాము. డచ్చివారి సమాధులు, దీపస్తంభం చూశాము. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత పట్టణమది. గోస్తనీ సంగమంలో పెద్దాయన చాలాసేపు నిలబడ్డారు. కోరిక తీరలేదని ఆయన అనలేదు, మేమూ అడగలేదు.

ఈ యాత్ర చేయదలచిన సహోద్యోగులకు శీతాకాలం చివరి ఉదయాలు అనువైనవి. ప్రాణరక్షక జాకెట్టు, శిక్షకుడు తప్పనిసరి. బృందంలో అందరికన్నా అలసినవాని వేగమే అందరి వేగం కావాలి. ఏ రోజు కాకున్నా, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వారిని గాలి సంగతి అడగకుండా నీటిలోకి దిగవద్దు.