గోడమీది తెల్లమచ్చ

పసిపిల్లలకు బోధించు సహోదరీలారా, ముందు నా తప్పిదమొకటి మీ యెదుట చెప్పుకొనెదను. అందులో మీకు పనికివచ్చునది ఏమైన నున్నయెడల తీసికొనుడి.

హైదరాబాదులో జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్ నగర్ వైపు వెళ్లువారికి మొదట కనబడునవి పెద్ద గేట్లు, ఎత్తైన ప్రహరీలు, బండరాళ్లమీద కట్టిన మేడలు. ఫిల్మ్ ఛాంబరు, రామానాయుడు స్టూడియో, పద్మాలయా స్టూడియో ఆ దాపుననే యున్నవి. తెలుగు సినిమా మద్రాసు విడిచి ఇక్కడికి కాపురము మార్చుకొనిన తరువాత పెరిగిన పేట యిది. ఆ మేడల వెనుక గుట్టవాలున దిగినయెడల ఇరుకు సందులు, రేకుల యిండ్లు వచ్చును. సెట్లు కట్టు వడ్రంగులు, రంగులు వేయువారు, లైట్లు మోయువారు, మేడలలో వంటపని అంట్లపని చేయు స్త్రీలు అక్కడ కాపురముందురు. అట్టి సందులలో నొకదానిలో ఒంటిగది బాలవాడి కలదు. ఇరువది ఇద్దరు పిల్లలు, పంతులమ్మ ఒక్కతె. నేను ముప్పది యేండ్లు బడిలో పనిచేసి విరమించినదానను గనుక వారమునకు రెండు దినములు అక్కడికి వెళ్లి పెత్తనము చేయుచుంటిని. పెత్తనమను మాటయే సరియైనది. అది సహాయమని అప్పుడు నేననుకొంటిని.

2022 జూలైలో ముసురు పట్టినప్పుడు ఆ గదిగోడ చెమ్మగిల్లి, అక్షరముల చార్టు రాత్రికి రాత్రి ఊడి పడెను. ఆ చార్టు నేను కొని తెచ్చినదే. పంతులమ్మ దానిని ఆరబెట్టుటకు పెరటిలోనికి తీసికొనిపోయెను. చుట్టునున్న గోడ మాసిపోయియుండుటచేత, చార్టు ఉండిన మేరకు మాత్రము తెల్లని మచ్చ మిగిలెను. రోజువారీగా పాఠము చెప్పించు పెద్దపిల్ల ఒకతె మామూలు ప్రకారము పుల్ల పట్టుకొని లేచి, ఆ తెల్లమచ్చమీద పుల్ల ఆనించి, "అ - అమ్మ, ఆ - ఆవు, ఇ - ఇల్లు" అని మొదలుపెట్టెను. పిల్లలందరు గొంతెత్తి అందుకొనిరి. గోడమీద అమ్మ లేదు, ఆవు లేదు, ఇల్లు లేదు. అయినను ఒక్క తప్పు దొర్లలేదు. పుల్ల కూడ ఒకప్పుడు ఏ అక్షరము ఎక్కడ నుండెనో సరిగా అక్కడనే ఆనుచుండెను.

నేను మొదట నవ్వితిని. పిమ్మట నా గుండె గతుక్కుమనెను. సంచిలోని వార్తాపత్రిక తీసి, అందులో "ఉ" మీద వ్రేలుంచి, ఇదేమిటని ఆ పిల్లనే అడిగితిని. అది నా ముఖము చూచి, గోడవైపు చూచి, "ఉడుత ఏది టీచర్?" అనెను.

మూడేండ్లుగా అదే చార్టు, అదే మేకు, అదే పాట. ఆ పిల్లలు నేర్చుకొనినది అక్షరములను కాదు, గోడమీద వాటి చోట్లను.

ఆ మధ్యాహ్నము నేను చేసిన పని ఏమనగా, పంతులమ్మను మందలించుట. సామగ్రి ఎందుకు మార్చలేదు, బీరువాలో అన్ని వస్తువులుండగా గోడ ఇట్లెందుకున్నది అని ఆమెను నిలువబెట్టి అడిగితిని. ఆమె కొంతసేపు తల వంచుకొని, తరువాత మెల్లగా ఇట్లనెను: "బీరువా తీస్తే పిల్లలు చింపుతారమ్మా. చింపితే లెక్క చెప్పాల్సింది నేను. రాత్రి రెండు గంటలు కూర్చుని అట్టముక్కలతో బొమ్మలు చేశాననుకోండి, వచ్చినవాళ్లు గోడ నిండుగా ఉందా అనే చూస్తారు. పిల్లలు దాన్ని చూస్తున్నారా అని ఎవరూ అడగరు."

వచ్చి గోడ నిండుగా నున్నదా అని చూచుచుండినది నేనే. ఆమె పేరు పెట్టి చెప్పలేదు, అంతే. బీరువాలోని ప్రతి వస్తువును పుస్తకములో ఎక్కించి, విరిగినదానికి సంజాయిషీ వ్రాయించుకొనినది కూడ నేనే. పైనుండి చూచువారు విరుగని వస్తువును మెచ్చుకొనుచున్నంత కాలము ఏ పంతులమ్మ బీరువా తెరచును? మన బాలవాడులలో సామగ్రి పాతబడుట పంతులమ్మల సోమరితనమువలననే అని మాటలాడువారిని వినునప్పుడెల్ల ఇప్పుడు నాకు సిగ్గు కలుగుచున్నది.

మరుసటి శనివారము గోడ బాగుచేయుటకు పిల్లల తండ్రులలో ఒకరిని పిలిచితిమి. ఆయన సినిమా సెట్లకు వడ్రంగి, గోదావరి ప్రాంతమువాడు. రాత్రి పని ముగించుకొని కండ్లు ఎఱ్ఱబడి వచ్చెను. చార్టు మరల ఎక్కడ కొట్టవలెనని అడుగునని నేననుకొంటిని. ఆయన అడిగినది వేరు. "పిల్లలు ఎక్కడ కూర్చుంటారమ్మా?" అని. చాప చూపితిని. తటాలున దానిమీద చతికిలబడి, మెడ కొంచెము వంచి, నలువైపుల చూచెను. "సెట్టు వేసేటప్పుడు కెమెరా ఎక్కడ పెడతారని ముందు అడుగుతామండి. కెమెరాకు కనపడని గోడకి మేం రంగు కూడా వెయ్యం. ఇక్కణ్ణుంచి చూస్తే నాకు మీ బల్ల అడుగు, ఫ్యాను, టీచరమ్మ గారి చెప్పులు కనపడుతున్నాయండి. చార్టులన్నీ మీకోసమే పెట్టుకున్నారు" అనెను.

నా మోకాళ్లు సహకరింపవు, అయినను కూర్చుంటిని. పంతులమ్మయు కూర్చుండెను. ముప్పది యేండ్ల ఉద్యోగములో తరగతిగదిని మూడడుగుల ఎత్తునుండి నేనెన్నడును చూచియుండలేదు. బల్ల అడుగున ఎవరో నమిలి అంటించిన జిగురుమిఠాయి కనబడెను. నా రంగురంగుల పండ్ల పటము కిటికీ వెలుతురు పడి అద్దమువలె మెరయుచుండెను. అరటిపండు ఏదో, మామిడిపండు ఏదో తెలియలేదు. చినుగకుండ నుండవలెనని దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించినది నేనే.

ఆ దినమున పటములన్నియు రెండడుగుల ఎత్తునకు దిగెను. గోడకంతకు సున్నము వేయుదునని ఆయన చెప్పగా, ఆ తెల్లమచ్చ జోలికి మాత్రము పోవద్దంటిని. నాకది గుర్తుండవలెను. దాని దిగువను, పిల్లల చేతికందునట్లు, చిన్న కొయ్యకొక్కెము బిగించి వెళ్లెను.

అటుపిమ్మట రెండవ పొరపాటు జరిగెను, ఇది ఉత్సాహమువలన. పంతులమ్మ ఆదివారము పూర్తిగా కూర్చుండి గదిని తలక్రిందులు చేసెను. కాగితపు పూలు, తోరణములు, క్రొత్త బొమ్మలు, గోడ కనబడనంతగా. సోమవారము వచ్చిన పిల్లలు గుమ్మములోనే ఆగిపోయిరి. తన సంచి తగిలించుకొను మేకుపైనుండిన చిలుకబొమ్మ కనబడక ఒక పిల్లవాడు పది గంటలవరకు ఏడ్చెను. ఆ గదిలో వానిదనునది ఆ చిలుక ఒక్కటే. దానిని చెత్తబుట్టలోనుండి వెదకి తీసి మరల అంటించితిమి.

తరువాత నేను చదివి తెలిసికొంటిని, ఇది మా ఒక్కరి అనుభవమే కాదని. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రచురించిన పరిశోధనలో, 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠములు అలంకారములతో నిండిన గదిలోను, కొన్ని బోసిగోడల గదిలోను చెప్పి పరీక్షించిరి. నిండుగదిలో విన్న పాఠములలో నూటికి 42 జవాబులు, బోసిగదిలో విన్నవాటిలో 55 సరియైనవి. 2018లో టొలీడో విశ్వవిద్యాలయమువారు 36 మంది చిన్నపిల్లలను, ఒకసారి 4 ఆటవస్తువులతోను, ఒకసారి 16 ఆటవస్తువులతోను ఆడనిచ్చిరి. తక్కువ వస్తువులున్నప్పుడే పిల్లలు ఒక్కొక్కదానితో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగా ఆడిరి. కాబట్టి క్రొత్తదనమనగా ఎక్కువ వస్తువులు తెచ్చి పోయుట కాదు. 1907లో రోమునగరమందు తన మొదటి శిశుగృహము తెరచి, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మరియా మాంటిస్సోరి అమ్మగారు ఒక్కొక్క వస్తువును గదిలో ఒక్కటియే ఉంచెడివారు. నేను శిక్షణ పొందిన దినములలో ఇది పిసినారితనమని నవ్వుకొంటిని.

ఆదివారపు బడిలో ఫ్లానెల్ బోర్డుమీద బొమ్మలంటించి కథ చెప్పినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. గొఱ్ఱెపిల్ల బొమ్మ సంచిలోనుండి బయటికి వచ్చు క్షణమున పిల్లల కన్నులన్నియు మన చేతిమీద నుండును. అదే గొఱ్ఱెపిల్ల వారము దినములు బోర్డుమీద నుండినయెడల దానిని ఎవరును చూడరు. సంచిలోనికి తిరిగి వెళ్లినప్పుడే దానికి మరల ప్రాణము వచ్చును.

మేము చేసినది అంతే. ఒక రేకుపెట్టె, ఒక అల్మార. అల్మారలో నాలుగైదు వస్తువులు, తక్కినవన్నియు పెట్టెలో. శనివారము పిల్లలు వెళ్లిన తరువాత అరగంట సేపు మేమిద్దరము చాపమీదనే కూర్చుందుము. ఈ వారము పిల్లలు దేనిని ముట్టలేదు అని మాత్రము చూతుము. ముట్టనిది పెట్టెలోనికి పోవును, పెట్టెలోనుండి ఒకటి బయటికి వచ్చును. కొయ్యదిమ్మెలు ఆరువారములు పెట్టెలో నుండి వచ్చిన దినమున పిల్లలు చూపిన సంతోషము క్రొత్త వస్తువులకు కూడ చూపలేదు. పిల్లల సంచుల పైనున్న గుర్తుబొమ్మలు, పండుకొను చాపలు, కథ చెప్పుకొను మూల, వీటిని ఎన్నడును కదల్పము. విరిగినదానికి సంజాయిషీ వ్రాయు పుస్తకమును నేను ఇంటికి తీసికొనిపోతిని. పంతులమ్మకు అన్నిటికంటె ఎక్కువ బలమిచ్చినది ఇదేనని నా నమ్మకము. ఆ తరువాత ఆమెకు నేను ఏమియు చెప్పవలసి రాలేదు.

వస్తువులకు డబ్బెక్కడిది అని మీరడుగుదురు. గుజరాతులో 1920లో భావనగరమున బాలమందిరము తెరచిన గిజుభాయి బధేకా గారితో పనిచేసిన తారాబాయి మోడక్ గారు, 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డీ గ్రామమునకు వెళ్లి పేదపిల్లలకు బడి పెట్టినప్పుడు, ఆ ఊరిలో దొరకు వస్తువులనే బోధనసామగ్రిగా చేసికొనిరి. నేడు మనమందరము పలుకు అంగన్‌వాడి అను మాటలో ముంగిలి అను అర్థమున్నది. 1975 అక్టోబరు 2న దేశములో 33 ప్రాంతములలో ప్రభుత్వపు శిశుసేవల పథకము ఆరంభమైనప్పుడు ఆ మాటయే ఊరూర పాకెను. ముంగిలిలోనుండి వచ్చు సామగ్రికి ఒక గుణము కలదు: కాలమే దానిని మార్చును. వేసవిలో చింతపిక్కలు, వానలలో నత్తగుల్లలు, శీతాకాలములో సీతాఫలపు గింజలు.

మా ముంగిలి ఫిల్మ్ నగర్ గనుక మాకు వేరు పంట కూడ దొరకును. పత్రికలలో సినిమా ప్రకటనల అక్షరములు మా పిల్లల అరచేయంత యుండును. పంతులమ్మ వాటిని కత్తిరింపబోగా నేను మొదట ఒప్పుకొనలేదు. బాలవాడిలో సినిమా ఏమిటి అంటిని. అయితే "పుష్ప"లోని "పు", "బాహుబలి"లోని "బా" ఆ పిల్లలు ఇంటిదారిలో దినదినము చూచునవి. వాటి ప్రక్కన పులి, బాతు వచ్చి కూర్చుండెను. నెల దినములలో, ఉడుత ఏదని అడిగిన పిల్ల ఒక ఉదయమున రొప్పుచు వచ్చి, "టీచర్, ఉ మా సందులో ఉంది!" అనెను. వెళ్లి చూచితిమి. తోపుడుబండికి కట్టిన అట్టమీద "ఉల్లిగడ్డలు" అని యుండెను. తక్కిన అక్షరములు దానికి తెలియవు. ఒక్కటి చాలును, అది గోడ విడిచి బయటికి వచ్చినది గదా.

ఒక హెచ్చరిక. సెట్లనుండి వచ్చు పాత చెక్కలు, థర్మోకోలు మాకు ఉచితముగానే దొరకును, గాని మేము తీసికొనము. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగు చెక్కమీద నున్నదో లేదో మనకు తెలియదు, పసివాడు దానిని నోట పెట్టుకొనును. థర్మోకోలు పూసలు ముక్కులో దూరును. మూడేండ్లలోపు పిల్లల చేతికి చింతపిక్కలు, గింజలు కూడ ఇయ్యకుడి.

మొన్న ఒక సోమవారము పంతులమ్మకు జ్వరము. శనివారము ఆమె రాలేదు, నేనును పోలేదు. కొక్కెమున క్రిందటి వారపు వేపకొమ్మ ఎండి వ్రేలాడుచుండెను. నాలుగేండ్ల పిల్లవాడు ఒకడు దాని యెదుట నిలిచి, నావైపు తిరిగి, "టీచర్, ఇది పోయినవారంది" అనెను. రేపు మార్చెదమంటిని. వాడు నా జవాబుకొరకు ఆగలేదు. వేపకొమ్మను తీసి చాపమీద పెట్టి, గుట్టమీద తెంచుకొని వచ్చిన తంగేడుపూల గుత్తిని జేబులోనుండి తీసి తగిలించెను. కొక్కెము రెండడుగుల ఎత్తుననే యున్నది గనుక వానికి మా సహాయము కావలసి రాలేదు.