మంచు కరిగాక

మిన్నెసోటాలో మే నెల మధ్యకు వాలై చేపల వేట మొదలవుతుంది. 1965 నుంచి అది ఆ రాష్ట్రపు అధికారిక చేప. ఈసారి ఎన్నడూ చూడని సరస్సులకు వెళ్లాలని ఉంది. రాత్రిళ్లు లోతుల పటాలు ముందేసుకుని కూర్చుంటున్నాను.

మంచు కరిగి నీళ్లు 6–10 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి వాలై రాళ్ల ఒడ్డుల్లో, వాగులు వచ్చి కలిసేచోట గుడ్లు పెడుతుంది. తర్వాత కొన్నాళ్లు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. అందుకే పటంలో ముందుగా వాగుల్నే వెతుకుతున్నాను. దాని కళ్లకు మసక వెలుతురే అనుకూలం కనుక పొద్దువాలే వేళకు పడవ అక్కడికి చేరాలి. చన్నీళ్లలో చేప చురుకు తక్కువ. గాలాన్ని మెల్లగా కదపాలి.

తెలియని నీళ్లంటే నాకు ఇష్టం, గౌరవం కూడా. మీరూ వెళ్తే ఆ సరస్సు నిబంధనలు ముందే చదవండి. పెద్ద ఆడచేప పడితే తిరిగి నీళ్లలోకి వదిలేయండి.