పిల్లల్లో పీటీఎస్‌డీ: ఆన్‌లైన్ థెరపీ తీరుతెన్నులు

ప్రాణం పోయేంత ప్రమాదం, లైంగిక హింస, కళ్లముందే అయినవాళ్ల మరణం వంటివి ఎదురైన పిల్లలకు మొదట్లో నిద్ర చెదరడం, ఉలిక్కిపడటం, అమ్మను వదలకపోవడం మామూలే. చాలామందిలో అవి కొన్ని వారాల్లో వాటంతటవే సద్దుమణుగుతాయి. నెల దాటినా తగ్గకుండా చదువునూ స్నేహాలనూ దెబ్బతీస్తుంటే ఆ స్థితిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పొట్టిగా పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగాల వర్గీకరణలో ఈ పేరు చేరింది. అప్పట్లో చర్చ ఎక్కువగా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చుట్టూ సాగింది. పిల్లలపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2014లో వెలువడింది. ఇలాంటి ఘటనలు ఎదురైన పిల్లల్లో సుమారు 16 శాతం మందికి పీటీఎస్‌డీ వస్తుందని అందులో తేలింది. ప్రమాదాలు, విపత్తుల బారిన పడిన అబ్బాయిల్లో ఇది 8 శాతమే. సాటి మనుషుల చేతిలో హింసకు గురైన అమ్మాయిల్లో మాత్రం 33 శాతం దాకా ఉంది.

ఈ జబ్బు తన పేరుతో వైద్యుడి దగ్గరకు రావడం అరుదు. "చదవట్లేదు", "ఊరికే కోపం", "కడుపునొప్పి తగ్గట్లేదు" అంటూ తీసుకొస్తారు. ఇంటర్ చదివే ఒక అబ్బాయిని విడవని తలనొప్పి అని తీసుకొచ్చారు. స్కానింగ్‌లో ఏమీ లేదు. కొన్ని నెలల కిందట జరిగిన బైకు ప్రమాదంలో వెనక కూర్చున్న స్నేహితుడు చనిపోయాడన్న సంగతి చాలా ఆలస్యంగా బయటపడింది. లారీ హారన్ వినబడితే అతడికి ఒళ్లంతా చెమటలు పట్టేవి. కాలేజీకి హైవే మీదుగా దగ్గరి దారి ఉన్నా ఊరంతా చుట్టి వెళ్లేవాడు. నిద్రపోతే అదే కల వస్తుందని తెల్లవార్లూ ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లకు కనిపించింది ఫోన్ పిచ్చి ఒక్కటే. జరిగినది పదేపదే కళ్లముందు మెదలడం, దాన్ని గుర్తుచేసే ప్రతిదానికీ దూరంగా జరగడం, ఒళ్లు ఎప్పుడూ అప్రమత్తంగా ఉండటం అనే మూడు ముఖ్య లక్షణాలూ అతడిలో ఉన్నాయి. ఎవరూ అడగలేదు, అతడు చెప్పలేదు. ఇంకా చిన్న పిల్లలైతే జరిగిన ఘటనను మాటల్లో కాక ఆటల్లో మళ్లీమళ్లీ ఆడి చూపిస్తారు.

ఈ జబ్బు ఎందుకు పాతుకుపోతుందో బ్రిటన్‌లో పనిచేసే మనస్తత్వవేత్తలు అంకె ఎహ్లర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో వివరించారు. భయం నిండిన క్షణంలో జ్ఞాపకం ఒక వరుసలో నమోదు కాదు. బీరువాలో గబగబా కుక్కి తలుపు మూసిన బట్టల్లా ముక్కలుగా ఉండిపోయి, చిన్న కదలికకే మీద పడుతుంది. పైగా "నా వల్లే జరిగింది", "నేనింక మామూలు మనిషిని కాలేను" వంటి నమ్మకాలు దానికి తోడవుతాయి. దాన్ని తలచుకోకుండా ఉండటానికి చేసే ప్రతి ప్రయత్నం ఆ నమ్మకాలను సరిచూసుకునే అవకాశాన్ని మూసేస్తుంది. "మర్చిపో నాన్నా, ఆ విషయం ఎత్తకు" అని ఇంటిల్లిపాదీ ప్రేమతో ఇచ్చే సలహా, పిల్లవాడు అప్పటికే చేస్తున్న తప్పించుకోవడానికి మరింత బలమిస్తుంది. తాయెత్తు కట్టించినా, దిష్టి తీయించినా ఆ కుటుంబం బిడ్డ బాధను గుర్తించిందనే అర్థం. ఆ గుర్తింపును చికిత్స వైపు మళ్లించవచ్చు. మౌనాన్ని మళ్లించడమే కష్టం.

అందుకే ఫలితమిచ్చే చికిత్స జ్ఞాపకాన్ని నేరుగా తాకుతుంది. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతిని అమెరికాలో జూడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించారు. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు పడుతుంది. జబ్బు గురించి వివరించడం, ఊపిరిని, కండరాలను సడలించుకోవడం, భావాలకు పేరు పెట్టడం నేర్పాక, జరిగినదాన్ని మొదటి నుంచి చివరిదాకా పిల్లల చేత కొంచెం కొంచెంగా చెప్పిస్తారు లేదా రాయిస్తారు. ఆ తర్వాతే తప్పు తనదేనన్న నమ్మకాన్ని విప్పి చూడటం, మానేసిన చోట్లకు మళ్లీ వెళ్లడం. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో 18 ఏళ్లలోపు వారికి పీటీఎస్‌డీ కోసం మందులు వాడవద్దని స్పష్టంగా రాసింది. ఘటన జరగగానే పిల్లల్ని కూర్చోబెట్టి ఒకేసారి అంతా చెప్పించే పద్ధతి కూడా వద్దంది.

ట్రామా ఫోకస్డ్ సీబీటీ తెలిసిన థెరపిస్టులు ఎక్కడైనా తక్కువే. ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన కవలలపై జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 18 ఏళ్లు వచ్చేసరికి 7.8 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ వచ్చినట్టు 2019లో వెల్లడైంది. జబ్బున్న వారిలో అంతకుముందు ఏడాది మానసిక వైద్య సేవలు అందింది ఐదుగురిలో ఒకరికే. ఉచిత వైద్యమున్న దేశం పరిస్థితే అది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి థెరపీ దొరికేది హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో. పాడేరు నుంచో భద్రాచలం నుంచో మూడు నెలలపాటు వారం వారం రావాలంటే తల్లికో తండ్రికో ప్రతిసారీ కూలి పోతుంది. నాలుగో వారానికి రావడం ఆగిపోతే, అది ఆ కుటుంబం నిర్లక్ష్యం కాదు.

ఈ దూరాన్ని తగ్గించే ఆన్‌లైన్ థెరపీలో రెండు రకాలున్నాయి. మొదటిది, క్లినిక్‌లో చేసే థెరపీనే వీడియోకాల్‌లో చేయడం. అమెరికాలోని సౌత్ కరోలైనాలో ఒక వైద్య విశ్వవిద్యాలయ బృందం వైద్యం అందని ప్రాంతాల పిల్లలు 70 మందికి ఇలా ట్రామా ఫోకస్డ్ సీబీటీ అందించి, ఫలితాలను 2020లో ప్రచురించింది. స్పానిష్ మాట్లాడే పిల్లలకు స్పానిష్‌లోనే చేశారు. దాదాపు 89 శాతం మంది చికిత్స పూర్తిచేశారు, వారిలో అత్యధికులకు జబ్బు లక్షణాలు నిర్ధారణ స్థాయి కిందికి దిగాయి. పోల్చి చూడటానికి మరో బృందం లేదన్నది ఆ అధ్యయనంలోని లోటు. అయినా అంతమంది మధ్యలో మానకుండా నిలబడటం చిన్న విషయం కాదు.

రెండో రకంలో పాఠాలు, అభ్యాసాలు వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ఉంటాయి, థెరపిస్టు మధ్యమధ్యలో మాట్లాడి నడిపిస్తారు. పెద్దవాళ్లలో దీనికి గట్టి ఆధారమే ఉంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ బృందం 196 మందిపై చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో ఇది 16 వారాల దగ్గర ముఖాముఖి థెరపీకి తీసిపోలేదు, ఏడాది తర్వాతి పోలిక మాత్రం తేలలేదు. 12 నుంచి 17 ఏళ్ల వారికోసం లండన్ కింగ్స్ కాలేజీలో ప్యాట్రిక్ స్మిత్ బృందం ఇలాంటి ప్రోగ్రామ్‌ను రూపొందించి తొలిదశలో పరీక్షించింది. పెద్దల ఫలితాలను పిల్లలకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు. మనిషి తోడు లేకుండా పిల్లవాడి చేతిలో యాప్ ఒక్కటే పెట్టి వదిలేయడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఆచరణలో అసలు చిక్కు ఇంటర్నెట్ వేగం కాదు, గది. రెండు గదుల ఇంట్లో నానమ్మ, తమ్ముడు, టీవీ మధ్య ఏ పిల్లా తనకు జరిగింది చెప్పదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మొదటి వీడియోకాల్‌లో ప్రతి ప్రశ్నకూ "బాగానే ఉన్నా" అంటుంది. తర్వాత తెలిసేది, కెమెరాకు అవతల పెద్దమ్మ కూర్చుని ఉందని. కాబట్టి ప్రతి సెషన్ ముందు "గదిలో ఇంకెవరున్నారు?" అని అడగాలి. ఇయర్‌ఫోన్లు పెట్టించాలి. ఎవరైనా వస్తే వెంటనే మాట మార్చడానికి ముందే ఒక గుర్తు అనుకోవాలి. "లెక్కల హోంవర్క్" అన్న మాటైనా చాలు. కొందరికి బడిలో హెడ్‌మాస్టర్ ఇచ్చే ఖాళీ గదో, ఆరోగ్య కేంద్రంలో ఒక మూలో ఇంటికన్నా సురక్షితం. ఫోన్ ఎవరిది, మెసేజ్‌లు ఎవరు చూస్తారు అన్నదీ తేల్చుకోవాలి. అమ్మాయి దగ్గర ఉండేది చాలాసార్లు నాన్న ఫోనే.

తెర మీద కనిపించేది ముఖమే. చేతులు వణకడం, కాళ్లు బిగుసుకోవడం కనబడవు. జ్ఞాపకం చెబుతుండగా పిల్ల ఉన్నట్టుండి మొద్దుబారి, చూపు నిలిచిపోతే, "లైన్ కట్ అయిందా?" అనుకుని థెరపిస్టు పొరబడే ప్రమాదం ఉంది. అందుకే చల్లటి నీళ్ల గ్లాసు, చేతిలో పట్టుకోవడానికి ఏదైనా గరుకు వస్తువు ముందే పక్కన పెట్టిస్తారు. కాల్ తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, దగ్గరలోని ఆసుపత్రి ఏదో, ఇంట్లో నమ్మదగిన పెద్ద ఎవరో మొదటి సెషన్‌లోనే రాసుకుంటారు.

తెరకు ఒక మేలు కూడా ఉంది. జీవితం జరిగే చోటికే థెరపిస్టు వెళ్లగలుగుతారు. పైన చెప్పిన అబ్బాయిలాంటి వారికి ముందు మ్యాప్‌లో, వీధి చిత్రాల్లో ప్రమాదం జరిగిన చోటు చూపిస్తారు. తర్వాత తోడుగా ఒకరిని పెట్టుకుని, ఫోన్‌లో థెరపిస్టు గొంతు వింటూ అక్కడికి వెళ్లి రోడ్డు పక్కన భద్రమైన చోట నిలబడతారు. ప్రమాదం గతంలో జరిగిందని, ఇప్పుడిక్కడ జరగట్లేదని ఒంటికి తెలిసొచ్చేది అలాంటప్పుడే. క్లినిక్ కుర్చీలో కూర్చుని ఆ పని చేయించడం కష్టం.

తల్లిదండ్రులకు విడిగా సెషన్లు ఉంటాయి. బిడ్డ చెప్పేది వింటూ ఏడవకుండా, తిట్టకుండా కూర్చోవడం వాళ్లూ నేర్చుకోవాల్సిన పనే. మన దేశంలో 2020 మార్చి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్‌తో వైద్యుల ఆన్‌లైన్ కన్సల్టేషన్‌కు గుర్తింపు తేలిన పెద్దవారి తోడు ఉండాలి. లైంగిక హింస విషయం బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. "నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ పిల్ల మళ్లీ ఎవర్నీ నమ్మదు. గోప్యతకు ఉన్న ఈ హద్దును మొదటి రోజే, వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలి.

అందరికీ ఈ దారి పనికిరాదు. హింసించేవాడు అదే ఇంట్లో ఉంటే జ్ఞాపకాల జోలికి పోకూడదు, ముందు బిడ్డ భద్రత. అందుకు పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ ఉంది. ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నా, మత్తుమందుల అలవాటు ముదిరినా, కాల్‌లో పదేపదే స్పృహ తప్పినట్టవుతున్నా ముఖాముఖి వైద్యమే చేయాలి. ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబర్‌లో తెలుగులోనూ, ఉచితంగా, రాత్రింబవళ్లు అందుతుంది. అది పూర్తి థెరపీ కాదు. కానీ ఎక్కడికి వెళ్లాలో చెప్పి, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతుంది.